పునీత మార్టిన్ సగం దుప్పటే ఎందుకిచ్చాడు? మా పాప ప్రశ్నకు జవాబు కావాలి

లాంతరు_అమ్మ | నవంబర్ 7, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. మేం జర్మనీలో కొలోన్ దగ్గర ఉంటాం. ఈ వారమంతా ఇంట్లో ఒకటే హడావుడి. మా పాపకి ఆరేళ్ళు. స్కూల్లో కాగితంతో బాతు బొమ్మ లాంతరు చేసుకుంది. జిగురు ఆరలేదని రాత్రంతా హీటర్ పక్కన పెట్టించింది. ఇక్కడ నవంబర్ 11న పునీత మార్టిన్ పండగ. చీకటి పడగానే పిల్లలు లాంతర్లు పట్టుకుని పాటలు పాడుకుంటూ వీధుల్లో నడుస్తారు. ముందు ఒకాయన రోమన్ సైనికుడి వేషంలో, ఎర్ర దుప్పటి కప్పుకుని గుర్రం మీద వస్తాడు. చివర్లో పెద్ద మంట వేస్తారు, అచ్చం మన భోగి మంటలాగే. అక్కడ చలికి వణికే బిచ్చగాడొకడు కూర్చుని ఉంటాడు. ఈయన కత్తి దూసి దుప్పటిని సగానికి కోసి ఇస్తాడు. ఆ తర్వాత పిల్లలకి మనిషి ఆకారంలో ఉండే తీపి రొట్టెలు పంచుతారు. రొట్టె బొమ్మ చేతిలో మట్టి పైపు కూడా ఉంటుంది!

నిన్న అన్నం తింటూ పాప అడిగింది: "అమ్మా, ఆయనకి గుర్రం కూడా ఉంది కదా. ఇంటికెళ్తే ఇంకో దుప్పటి ఉంటుంది కదా. మరి సగమే ఎందుకిచ్చాడు?" వాళ్ళ నాన్న "రేపు చెప్తా" అని జారుకున్నాడు. నాకూ తెలియలేదు. నేను చదివిన కాన్వెంటులో మార్టిన్ అంటే చీపురు పట్టుకున్న నల్లని పునీతుడి బొమ్మ ఉండేది. ఈయనా ఆయనా ఒకరేనా?

ఉపదేశిగారబ్బాయి | నవంబర్ 7, రాత్రి 10:41

కాదక్కా, ఇద్దరు వేరు. మీ కాన్వెంటులో ఉన్నది పెరూ దేశంలోని లిమాకి చెందిన పునీత మార్టిన్ డి పోరెస్. 1639లో చనిపోయారు, పండగ నవంబర్ 3. ఈయన ఫ్రాన్స్‌లోని టూర్స్ మేత్రాణి (బిషప్), 4వ శతాబ్దం మనిషి. మధ్యలో పన్నెండు వందల ఏళ్ళ తేడా. వారం తేడాలో రెండు పండగలూ వస్తాయి కాబట్టి మా విచారణలోనూ (పారిష్) కలిపేస్తుంటారు. ఒకసారి టూర్స్ మార్టిన్ పండక్కి చీపురు బొమ్మ తెచ్చి పీఠం పక్కన పెట్టారు. మా నాన్నగారు ఉపదేశి (గుడిలో మతబోధ చేసేవారు), ఆయన చూసి కూడా ఊరుకున్నారు.

సగం సంగతి మాత్రం నాకూ తెలీదు. జ్ఞానోపదేశంలో కథ చెప్పారు గానీ, ఇలా ఎదురడిగే పిల్లలు మాలో లేరు.

గుంటూరు_లూథరన్ | నవంబర్ 7, రాత్రి 11:05

నేను విన్నదేంటంటే, రోమన్ సైన్యంలో సైనికుడి బట్టల ఖర్చు సగం సర్కారుది, సగం సైనికుడిది. సర్కారు సగం ఇచ్చే హక్కు తనకి లేదు గనక తన సగం ఇచ్చాడు. లెక్క సరిపోయింది కదా.

బ్రదర్ వాళ్ళు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మేం పునీతులకి మొక్కం. కానీ మా గుంటూరులో సగంమంది నోళ్ళలో నానే మార్టిన్ లూథర్ పేరు ఈయన పుణ్యమే. లూథర్ 1483 నవంబర్ 10న పుట్టాడు, మర్నాడు బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు ఎవరి పండగైతే ఆ పేరు పెట్టారు. పునీతుల మీద లూథర్ అన్ని మాటలన్నాడు గానీ తన పేరు మాత్రం మార్చుకోలేదు :)

పాత_పుస్తకం | నవంబర్ 8, ఉదయం 6:20

రిటైరైన చరిత్ర మాస్టార్ని, పొద్దున్నే లేచే అలవాటు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

మార్టిన్ గురించి మనకి తెలిసిందంతా దాదాపు ఒకే మనిషి రాసింది. పేరు సుల్పీషియస్ సెవెరస్, బాగా చదువుకున్న లాయరు. మార్టిన్‌ని స్వయంగా వెళ్ళి కలిశాడు. ఆయన బతికుండగానే జీవితచరిత్ర రాసేశాడు. తర్వాత కొన్ని ఉత్తరాలు, సంభాషణలు రాశాడు. భక్తుడి రాత కాబట్టి అద్భుతాలకి లోటుండదు. అయినా పక్కన నిలబడి చూసినట్టుండే చిన్న చిన్న వివరాలు చాలా ఉంటాయి.

లూథరన్ తమ్ముడు చెప్పిన సగం ఖర్చు లెక్క చాలామంది చెప్తారు గానీ సుల్పీషియస్ ఆ మాటే ఎత్తలేదు. ఆయన రాసింది ఇది. అమియెన్ పట్టణం ద్వారం దగ్గర, నడిశీతాకాలం. ఆ ఏడు చలికి మనుషులు చచ్చిపోతున్నారు. ఒంటి మీద గుడ్డ లేని బిచ్చగాడు దారిన పోయేవాళ్ళని బతిమాలుతున్నాడు, ఎవరూ ఆగలేదు. మార్టిన్ దగ్గర ఆయుధాలూ ఆ ఒక్క దుప్పటీ తప్ప ఏమీ లేవు. ఎందుకంటే మిగతావి అంతకు ముందే ఇలాంటివాళ్ళకి ఇచ్చేశాడు. అంటే పాప అనుకున్నట్టు ఇంట్లో ఇంకోటి లేదు. అదే ఆఖరిది. మొత్తం ఇచ్చేస్తే అక్కడ బట్టల్లేని మనిషి మారతాడంతే, సమస్య మారదు.

ఇంకోటి. సుల్పీషియస్ కథలో గుర్రం లేదు! గుర్రాన్ని తర్వాత బొమ్మలు గీసినవాళ్ళు ఎక్కించారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి వాక్యం. సగం దుప్పటి కప్పుకున్న ఆ వాలకం చూసి చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారట. కాస్త బుద్ధున్నవాళ్ళు మాత్రం, తమ దగ్గర ఇంతకన్నా ఎక్కువుంది, తాము బట్టల్లేకుండా పోకుండానే ఇవ్వగలిగేవాళ్ళం కదా అని బాధపడ్డారట. మనవాళ్ళు శాలువా కప్పితే ఫోటో తీయించుకుంటారు. ఈయనకి శాలువా చింపి నవ్వులపాలు కావడం మిగిలింది.

ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగం ముక్క కప్పుకుని కనిపించి, ఇంకా జ్ఞానస్నానం కూడా పొందని మార్టిన్ తనకి ఈ బట్ట కప్పాడని దేవదూతలతో చెప్పాడట. ఆ తర్వాతే జ్ఞానస్నానం పొందాడు. అప్పటికి 18 ఏళ్ళంటాడు సుల్పీషియస్.

నిద్రపట్టని_నర్సు | నవంబర్ 8, ఉదయం 6:52

నైట్ డ్యూటీ దిగి బస్సులో చదువుతున్నా. మాస్టారూ, "బట్టల్లేని మనిషి మారతాడంతే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా వార్డులో దుప్పట్లు చాలని రాత్రులున్నాయి. ఒకరి మీంచి తీసి ఇంకొకరికి కప్పి, తెల్లారి ఇద్దరి చేతా తిట్లు తిన్నాను. కత్తెర ఆలోచన మాత్రం రాలేదు.

లాంతరు_అమ్మ | నవంబర్ 8, ఉదయం 8:30

మాస్టారూ చాలా థాంక్స్. పాపకి చెప్పాను. "గుర్రం లేదా?" అని దిగులుపడింది. 11న గుర్రం చూడాలని ఆశ. అసలు ఆయన సైన్యంలోకి ఎందుకెళ్ళాడు? క్రైస్తవుడు కాక ముందు ఎవరు?

పాత_పుస్తకం | నవంబర్ 8, మధ్యాహ్నం 3:10

పుట్టింది పనోనియాలోని సబారియాలో. ఇప్పుడది హంగరీలో సోంబాత్‌హేయ్. పెరిగింది ఇటలీలోని పావియాలో. తండ్రి సైన్యంలో అధికారి, తల్లిదండ్రులిద్దరూ పాత రోమన్ దేవుళ్ళని కొలిచేవాళ్ళు. పదేళ్ళప్పుడు ఈ పిల్లాడు ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేకపోయినా గుడికి పారిపోయి, నన్నూ చేర్చుకోండని అడిగాడట. పన్నెండేళ్ళకి అడవులకీ ఎడారులకీ పోయి సన్యాసి కావాలనిపించింది. ఇంతలో సైనికుల కొడుకులు సైన్యంలో చేరాల్సిందేనని రాజాజ్ఞ వచ్చింది. తండ్రే కొడుకుని పట్టించాడు. పదిహేనేళ్ళవాడిని గొలుసులేసి తీసుకెళ్ళి ప్రమాణం చేయించారు.

ఆయన వెంట ఒక్క పనివాడే ఉండేవాడట. వాడి బూట్లు మార్టినే విప్పి, తుడిచి పెట్టేవాడు. ఇద్దరూ కలిసి తినేవాళ్ళు, ఎక్కువసార్లు వడ్డించేది యజమానే.

తర్వాత వోర్మ్స్ (ఇప్పటి జర్మనీ) దగ్గర యుద్ధానికి ముందు సీజర్ (ఉప చక్రవర్తి) జూలియన్ సైనికులకి బహుమానం పంచుతున్నాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నారు. మార్టిన్ వంతు వచ్చింది. ఇన్నాళ్ళూ నీ సైనికుణ్ణి, ఇప్పుడు క్రీస్తు సైనికుణ్ణి, ఇక నేను పోరాడకూడదు, ఈ బహుమానం పోరాడేవాళ్ళకివ్వు అన్నాడు. జూలియన్ పిరికివాడివన్నాడు. సరే, రేపు ఆయుధం లేకుండా అందరికన్నా ముందు నన్ను నిలబెట్టండి అన్నాడు ఈయన. చెరలో పెట్టారు. మర్నాడు శత్రువులు సంధికి దూతల్ని పంపారు. నిలబడాల్సిన అవసరమే రాలేదు.

ఇక్కడే చరిత్రకారులకి తలనొప్పి. జూలియన్ గాల్ దేశానికి (దాదాపు ఇప్పటి ఫ్రాన్స్) వచ్చింది 355 చివర్లో. మార్టిన్ 316లో పుట్టాడంటే ఆ వోర్మ్స్ రోజుకి నలభై ఏళ్ళ వాడు, పాతికేళ్ళ సర్వీసు. 18 ఏళ్ళకి జ్ఞానస్నానం, ఆ తర్వాత మరో రెండేళ్ళే సైన్యంలో ఉన్నాడన్న కథ నిజమైతే పుట్టింది 336లో. సుల్పీషియస్ ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా లెక్క ఇస్తాడు. పాతికేళ్ళు కత్తి పట్టి తిరిగిన మనిషిని పునీతుడిగా చూపించడం ఇబ్బందయి కుదించి రాశాడేమోనని కొందరి అనుమానం. నాకూ అలాగే అనిపిస్తుంది.

కొబ్బరాకు | నవంబర్ 8, సాయంత్రం 7:48

కథలు బాగున్నాయి మాస్టారూ. నేను హిందువుని, మర్యాదగానే అడుగుతున్నా. ఈయన ఊళ్ళలో గుళ్ళు కూలగొట్టాడని, పూజించే చెట్లు నరికించాడని చదివాను. దుప్పటి కథ పిల్లలకి చెప్పి ఇది దాచేస్తే ఎలా? మా ఊళ్ళో రావిచెట్టు కొట్టడానికొస్తే మా నాయనమ్మ ఊరుకునేదా?

గుంటూరు_లూథరన్ | నవంబర్ 8, సాయంత్రం 8:02

ఇప్పుడు మొదలైంది.

వేదిక_నిర్వాహకులు | నవంబర్ 8, సాయంత్రం 8:15

ప్రశ్న మర్యాదగానే ఉంది, జవాబులూ అలాగే ఉండనివ్వండి. 4వ శతాబ్దపు గాల్ దేశం దాటి ఇవాళ్టి రాజకీయాల్లోకి వస్తే పోస్టు తీసేస్తాం.

పాత_పుస్తకం | నవంబర్ 8, రాత్రి 9:30

కొబ్బరాకు గారూ, దాచక్కర్లేదు. సుల్పీషియస్సే గొప్పగా రాసుకున్నాడు. పాత గుడి కూలగొట్టించి, పక్కనే ఉన్న దేవదారు లాంటి పెద్ద పైన్ చెట్టు కూడా నరకమన్నాడు. గుడి కూలినప్పుడు ఊరుకున్న జనం చెట్టు దగ్గర మాత్రం అడ్డం తిరిగారు. మీ నాయనమ్మ లాంటివాళ్ళే! వాళ్ళలో ఒకడు, నీ దేవుడి మీద నీకంత నమ్మకముంటే చెట్టు పడే వైపు నువ్వు నిలబడు, మేమే నరుకుతాం అన్నాడు. ఈయన్ని కట్టి నిలబెట్టారు. చెట్టు ఈయన వైపే వంగుతుండగా సిలువ గుర్తు వేశాడు, అది రెండో వైపుకి తిరిగి పడిందట. ఇంకో ఊళ్ళో జనం కొట్టి తరిమేస్తే మూడు రోజులు ఉపవాసముండి మళ్ళీ వెళ్ళి కూల్చాడు.

ఈ వీరత్వాన్ని ఇప్పుడు మనం ఆ కళ్ళతో చూడలేం, చూడక్కర్లేదు కూడా. ఆ పల్లెటూరి వాళ్ళ వైపు కథ రాసినవాళ్ళు లేరు. అయితే అదే పుస్తకంలో ఇంకోటుంది. ఒక గుడికి నిప్పుపెట్టినప్పుడు గాలికి మంట పక్కింటి మీదికి మళ్ళింది. ఈయన పరుగున ఆ ఇంటి కప్పెక్కి మంటకి ఎదురుగా నిలబడి ఆ ఇల్లు కాలకుండా ఆపాడు. రెండు పనులూ ఒక్క మనిషే చేశాడు.

ఒక నవ్వొచ్చేది కూడా చెప్తాను. దూరంగా జనం ఏదో తెల్లగుడ్డ కప్పి మోసుకెళ్తుంటే, దేవుడి ఊరేగింపనుకుని సిలువ గుర్తు వేసి ఉన్నచోటే ఆపేశాడు. కదల్లేక అందరూ గిరగిరా తిరుగుతున్నారట. దగ్గరికెళ్ళి చూస్తే శవయాత్ర! మళ్ళీ చెయ్యెత్తి పొమ్మన్నాడు.

ఉపదేశిగారబ్బాయి | నవంబర్ 8, రాత్రి 10:05

ఒకటి చేర్చనివ్వండి. ఆయన సొంత మతంవాళ్ళ మూఢభక్తిని కూడా వదల్లేదు. టూర్స్ దగ్గర ఒక సమాధిని వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) సమాధని జనం కొలిచేవాళ్ళు, అంతకు ముందటి మేత్రాణులు అక్కడ పీఠం కూడా నిలిపారు. ఆ వేదసాక్షి పేరేంటి, ఎప్పుడు చనిపోయాడని మార్టిన్ అక్కడి గురువుల్ని (ఫాదర్లని) ఆరా తీస్తే ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. తనే సమాధి మీద నిలబడి ప్రార్థిస్తే ఒక నీడ కనిపించి, నేను దొంగని, నేరాలకి నన్ను చంపారు, జనం పొరపాటున మొక్కుతున్నారు అని ఒప్పుకుందట. పీఠం తీయించేశారు.

కొబ్బరాకు | నవంబర్ 8, రాత్రి 10:20

ఆ నీడ సంగతేమో గానీ పేరూ తేదీ చెప్పమని అడగడం నాకు నచ్చింది. మన దగ్గర ఆ ప్రశ్న అడిగితే చందా ఇవ్వడానికి ఏడుస్తున్నాడంటారు.

లాంతరు_అమ్మ | నవంబర్ 9, ఉదయం 9:12

మా పాప లాంతరు బాతు అని చెప్పాను కదా. టీచరేమో ఆయన బిషప్ అవడం ఇష్టం లేక బాతుల గూట్లో దాక్కుంటే అవి అరిచి పట్టించాయని చెప్పింది. నిజమా? ఇక్కడ ఆ రోజు బాతు కూర కూడా వండుతారు!

పాత_పుస్తకం | నవంబర్ 9, ఉదయం 11:40

అది పెద్ద బాతు, హంసకి చుట్టం లాంటిది. ఆ కథ సుల్పీషియస్‌లో లేదు, చాలా తర్వాత పుట్టింది. నవంబర్ 11 తర్వాత క్రిస్మస్ దాకా ఉపవాసకాలం మొదలయ్యేది, దానికి ముందు కడుపునిండా తినే రోజు అది. బాతులు బలిసి ఉండే కాలం కూడా. కూర ముందు పుట్టి, కథ తర్వాత పుట్టుంటుంది.

అసలు జరిగింది అంతకన్నా బాగుంటుంది. సైన్యం వదిలాక పువాతియే మేత్రాణి హిలరీ దగ్గరికి వెళ్ళాడు. తర్వాత ఇంటికెళ్ళి తల్లిని మార్చగలిగాడు గానీ తండ్రి మారలేదు. ఏరియన్ల (క్రీస్తు తండ్రి దేవుడితో సమానుడు కాదనే క్రైస్తవ వర్గం) హయాం నడుస్తున్న చోట వాళ్ళని ఎదిరించి నలుగురిలో కొరడా దెబ్బలు తిన్నాడు, మిలన్ నుంచి వెళ్ళగొట్టారు, ఒక దీవిలో ఆకులూ వేర్లూ తింటూ విషపు మొక్క తిని చావుదాకా వెళ్ళాడు. 361 ప్రాంతంలో హిలరీకి దగ్గర్లో లిగుజే అనేచోట ఒక ఆశ్రమం పెట్టుకున్నాడు. గాల్ దేశంలో తొలి మఠాల్లో అదొకటి.

371లో టూర్స్‌కి మేత్రాణి కావలసి వచ్చింది. ఈయన మఠం వదిలి రాడని అందరికీ తెలుసు. రస్టీషియస్ అనే ఊరివాడు వెళ్ళి, నా భార్యకి ఒంట్లో బాగాలేదు, ఒక్కసారి వచ్చి చూడండని కాళ్ళ మీద పడ్డాడు. నమ్మి బయటికొచ్చాడు. దారి పొడుగునా జనం పొంచి ఉన్నారు. చుట్టుముట్టి పట్టుకుపోయారు. అక్కడికొచ్చిన కొందరు మేత్రాణులు ఒప్పుకోలేదు. మొహం చూడు, మాసిన బట్టలు చూడు, ఆ జుట్టు చూడు, ఈయనా మేత్రాణి అన్నారు. వాళ్ళలో గట్టిగా అడ్డుపడ్డవాడి పేరు డిఫెన్సర్. ఆ రోజు గుడిలో బైబిలు చదవాల్సినవాడు గుంపులో ఇరుక్కుని రాలేకపోతే, పక్కనున్న ఎవరో కీర్తనల పుస్తకం తీసి కళ్ళకి కనిపించింది చదివాడు. ఎనిమిదో కీర్తన. అప్పటి లాటిన్ పాఠంలో చంటిబిడ్డల నోటితో శత్రువునీ 'డిఫెన్సర్'నీ అణచడం గురించి ఒక వాక్యం ఉండేది. ఆ పేరు వినపడగానే జనం గోల గోల. డిఫెన్సర్ నోరు మూతపడింది.

మేత్రాణి అయ్యాక కూడా ఊళ్ళో భవనంలో ఉండలేదు. రెండు మైళ్ళ దూరంలో, ఒకవైపు కొండ, ఇంకోవైపు లువార్ నది ఉన్నచోట చెక్క గదిలో ఉండేవాడు. దాదాపు ఎనభై మంది శిష్యులు, చాలామంది కొండ గుహల్లో. కొనడం అమ్మడం లేదు. చేతిపని అంటే కుర్రవాళ్ళు పుస్తకాలు కాపీ చేయడం ఒక్కటే. ఆ చోటు పేరు మార్‌ముతియే.

గుంటూరు_లూథరన్ | నవంబర్ 9, మధ్యాహ్నం 1:15

జబ్బు భార్య అబద్ధం అదిరింది. మన దగ్గర పాస్టర్ పోస్టు కోసం కోర్టులకెక్కుతుంటే ఆయన్ని మోసం చేసి మరీ ఎక్కించారు.

మాస్టారూ, రాజులతో ఎలా ఉండేవాడు? నాకు ఏ బిషప్ గురించైనా ముందు అదే డౌటు.

పాత_పుస్తకం | నవంబర్ 9, రాత్రి 8:55

మంచి ప్రశ్న. ట్రియర్‌లో (ఇప్పటి జర్మనీ) మాక్సిమస్ చక్రవర్తి ఉండేవాడు. మిగతా మేత్రాణులు చుట్టూ తిరుగుతుంటే ఈయన చాలాసార్లు పిలిచాక గానీ విందుకి వెళ్ళలేదు. వెళ్ళాక పానపాత్ర వచ్చింది. చక్రవర్తి ముందు మేత్రాణికిమ్మన్నాడు. ఆయన తాగి ఆయన చేత్తో తనకిస్తాడని ఆశ. మార్టిన్ తాగి, తన వెంట వచ్చిన గురువుకి ఇచ్చాడు. సభలో ఆయన కన్నా గౌరవించదగ్గవాళ్ళు లేరని!

కానీ ట్రియర్ అంటే గుర్తొచ్చేది అది కాదు. స్పెయిన్‌లో ప్రిసిలియన్ అని అవీలా మేత్రాణి. కఠిన ఉపవాసాలు, రహస్య బోధలు అని అతని మీద ఆరోపణ. ఇతాసియస్ అనే మేత్రాణి వెంటపడ్డాడు. ఉపవాసముండేవాళ్ళనీ, ఎక్కువ చదివేవాళ్ళనీ చూస్తే చాలు ప్రిసిలియన్ మనిషే అనేవాడట. మార్టిన్‌ని కూడా అన్నాడు. 384లో బోర్డో సభ తర్వాత వ్యవహారం చక్రవర్తి కోర్టుకెక్కింది. మార్టిన్ ట్రియర్‌కి వెళ్ళి పట్టుబట్టాడు. తప్పుడు బోధ అని మేత్రాణులు తేల్చి గుళ్ళ నుంచి వెలివేస్తే చాలు, దేవుడి విషయంలో లౌకిక న్యాయమూర్తి తీర్పు చెప్పడం కనీవినీ ఎరగనిది, రక్తం చిందకూడదు అన్నాడు. మాక్సిమస్ మాటిచ్చాడు. ఈయన ఉన్నంతసేపూ విచారణ ఆగింది. ఈయన ఊరు దాటాక మళ్ళీ మొదలై, 385లో మంత్రతంత్రాల నేరం కింద ప్రిసిలియన్ తల తీశారు. యూక్రోషియా అనే విధవరాలినీ, లాట్రోనియనస్ అనే కవినీ కూడా. క్రైస్తవులే ఫిర్యాదు చేసి, క్రైస్తవ ప్రభుత్వం చేత క్రైస్తవుల్ని చంపించడం అలా మొదలైంది. మిలన్ మేత్రాణి అంబ్రోజ్ కూడా ఆ మేత్రాణులతో కలవనన్నాడు.

తర్వాత మార్టిన్ మళ్ళీ ట్రియర్ వెళ్ళాడు. ఇతాసియస్ గుంపుతో పీఠం దగ్గర నిలబడనని భీష్మించాడు. అప్పటికి ప్రిసిలియన్ మనుషుల్లో మిగిలినవాళ్ళని వెతికి చంపడానికి స్పెయిన్‌కి సైనికాధికార్లని పంపే ఏర్పాటు జరుగుతోంది. మాక్సిమస్ బేరం పెట్టాడు. నువ్వు ఇతాసియస్ వాళ్ళతో కలిసి పూజ చెయ్యి, నేను ఆ సైనికాధికార్లని వెనక్కి పిలుస్తా. రాత్రికి రాత్రి పరుగెత్తుకెళ్ళి ఒప్పుకున్నాడు. మర్నాడు ఫెలిక్స్ అనే కొత్త మేత్రాణి అభిషేకంలో ఆ మనుషుల పక్కన నిలబడ్డాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

తిరిగొస్తూ, ఇప్పటి లక్సెంబర్గ్‌లోని ఒక అడవి దగ్గర, వెంటవాళ్ళని ముందుకి పంపి ఒక్కడే కూర్చుండిపోయాడు. తను చేసిందాన్ని తనే తప్పుపట్టుకుంటూ, మళ్ళీ తనే సమర్థించుకుంటూ. దేవదూత వచ్చి, బాధపడటం సబబే, కానీ నీకు వేరే దారి లేదన్నాడట. అప్పట్నించీ చనిపోయేదాకా ఏ మేత్రాణుల సభకీ వెళ్ళలేదు. తనలో ముందున్న శక్తి తగ్గిందని కన్నీళ్ళతో చెప్పుకునేవాడని సుల్పీషియస్ రాశాడు. పైన్ చెట్టు కథలు పక్కన పెట్టినా, ఈ అడవి సంగతి ఒక్కటి కోసం నేను ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ తీస్తాను.

నిద్రపట్టని_నర్సు | నవంబర్ 10, తెల్లవారుజామున 3:40

ఇదీ సగం దుప్పటే కదా మాస్టారూ. కొందర్ని కాపాడాలంటే తన మాటని సగానికి కోసుకోవాల్సి వచ్చింది.

గుంటూరు_లూథరన్ | నవంబర్ 10, ఉదయం 7:30

పునీతులకి మొక్కమని చెప్పాను. అది మారదు. కానీ ఆ అడవిలో కూర్చున్న ముసలాయన నిన్న రాత్రి నన్ను పడుకోనివ్వలేదు.

ఉపదేశిగారబ్బాయి | నవంబర్ 10, ఉదయం 10:22

చావు సంగతి నేను చెప్తాను, అందులో మా వాళ్ళ గొడవలకి దగ్గర పోలికుంది. 397లో కాంద్ అనే పల్లెలో గురువులు కొట్లాడుకుంటుంటే సర్దిచెప్పడానికి వెళ్ళారు. వాళ్ళని కలిపారు, వెనక్కి రాబోతుంటే జ్వరం. శిష్యులు ఏడిస్తే, ప్రభూ నేనింకా నీ ప్రజలకి అవసరమైతే పని వద్దనను, నీ చిత్తమే కానివ్వు అన్నారట. బూడిద మీద పడుకునే నవంబర్ 8న కన్నుమూశారు. 11 అనేది సమాధి చేసిన రోజు.

ఆ మూడ్రోజుల్లో అసలు సినిమా. పువాతియే వాళ్ళొచ్చి, మా దగ్గర సన్యాసిగా ఉన్నాడు, దేహం మాది అన్నారు. టూర్స్ వాళ్ళు మా మేత్రాణి, మాది అన్నారు. రెండు వర్గాలూ చెరోవైపు కాపలా. అర్ధరాత్రి పువాతియే వాళ్ళు కునుకు తీశారు. టూర్స్ వాళ్ళు దేహాన్ని కిటికీలోంచి బయటికందించి, పడవెక్కించి, వియెన్ నది మీంచి లువార్‌లోకి పాటలు పాడుకుంటూ వెళ్ళిపోయారు. ఆ పాటలకే వీళ్ళకి మెలకువొచ్చిందట. ఇది రాసింది తర్వాత అదే టూర్స్‌కి మేత్రాణి అయిన గ్రెగరీ. కాబట్టి దొంగతనం గర్వంగానే చెప్పాడు.

కొబ్బరాకు | నవంబర్ 10, ఉదయం 11:00

కాపలా పెట్టి నిద్రపోయేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట. మరి మిగిలిన సగం దుప్పటి ఏమైంది?

పాత_పుస్తకం | నవంబర్ 10, సాయంత్రం 5:15

అదే ఆయన దుప్పటని చెప్పి ఒకదాన్ని తర్వాత గాల్‌ని ఏలిన ఫ్రాంకుల రాజులు భద్రంగా దాచుకున్నారు. యుద్ధాలకి వెంట తీసుకెళ్ళేవాళ్ళు, దాని మీద ప్రమాణాలు చేయించేవాళ్ళు. లాటిన్‌లో చిన్న దుప్పటిని 'కపెల్లా' అంటారు. దాన్ని ఉంచిన చోటు కపెల్లా అయింది, చూసుకునే గురువులు 'కపెల్లాని' అయ్యారు. మనం వాడే చాపెల్, చాప్లిన్ మాటలు అక్కడివే. చార్లీ చాప్లిన్ ఇంటిపేరు కూడా.

సమాధి మీద కట్టిన పెద్ద గుడిని ఫ్రెంచి విప్లవం తర్వాత కూల్చేసి మీంచి రోడ్డు వేశారు. 1860లో ఇళ్ళ కింద తవ్వించి సమాధి చోటు కనుక్కున్నారు. ఇప్పుడున్న గుడి దాని మీద కట్టిందే.

లాంతరు అమ్మగారూ, పాపకి చెప్పాల్సింది ఒకటి మిగిలింది. మార్టిన్ మేత్రాణి అయ్యాక, శీతాకాలంలోనే, గుడికెళ్తుంటే బట్టల్లేని మనిషొకడు ఎదురై అడిగాడు. వీడికి బట్ట కొనివ్వమని తన కింద పనిచేసే ఆర్చ్‌డీకన్‌కి చెప్పి, తను గుడి పక్క గదిలో మూడుకాళ్ళ పీట మీద కూర్చున్నాడు. ఆర్చ్‌డీకన్ తాత్సారం చేశాడు. చలికి ఆగలేక వాడు నేరుగా గదిలోకే దూరాడు. మార్టిన్ పైనున్న నిలువుటంగీ తీయకుండా, లోపలి చొక్కా ఎవరికీ కనపడకుండా విప్పి వాడి చేతిలో పెట్టి పంపేశాడు. కాసేపటికి ఆర్చ్‌డీకన్ వచ్చి, జనం చూస్తున్నారు, పూజకి రండి అన్నాడు. ముందు బీదవాడికి బట్ట రావాలి అన్నాడు ఈయన. బీదవాడెక్కడ, ఇక్కడెవరూ లేరే అని అతను. నువ్వు తీసుకురా, వేసుకునే బీదవాడు ఉంటాడులే అన్నాడు. అతను చిరాగ్గా దగ్గర్లోని కొట్టుకెళ్ళి, ఐదు వెండి నాణేలకి పొట్టిగా, గరుగ్గా ఉన్న చవకబారు చొక్కా పట్టుకొచ్చి, ఇదిగో బట్ట, బీదవాడు మాత్రం లేడు అని కాళ్ళ దగ్గర పడేశాడు. మార్టిన్ అతన్ని కాసేపు తలుపు బయట నిలబడమని, అది తొడుక్కుని పూజకి వెళ్ళాడు.

ఈసారి కత్తి లేదు, సగం లేదు.

లాంతరు_అమ్మ | నవంబర్ 11, రాత్రి 9:50

ఊరేగింపు నుంచి ఇప్పుడే వచ్చాం. వాన తుంపరకి లాంతరు బాతు మెడ వాలిపోయింది, ఏడవలేదు. గుర్రం వచ్చింది, దాన్ని ముట్టుకుంది కూడా. దుప్పటి కోసేటప్పుడు పక్క పిల్లతో జర్మన్‌లో "తర్వాత మొత్తం కూడా ఇచ్చాడు, తెలుసా" అని చెప్తోంది.

పడుకోబెడుతూ చొక్కా కథ మళ్ళీ చెప్పించుకుంది. అంతా విని అడిగింది: "ఆ ఐదు నాణేలు ఎవరివి?"

మాస్టారూ, మీరే చూడాలి.

కొబ్బరాకు | నవంబర్ 11, రాత్రి 10:03

ఆ పిల్లని ఆడిటర్ చేయండి.

పాత_పుస్తకం | నవంబర్ 12, ఉదయం 6:05

రాత్రి పుస్తకం మళ్ళీ తీశాను. కొట్టు, ధర, చొక్కా పొడవు, పీటకి ఎన్ని కాళ్ళో కూడా రాశాడు. నాణేలు ఎవరివో రాయలేదు. ఆర్చ్‌డీకన్‌కి అంత కోపం వచ్చిందంటే అతనివేనేమో, అమ్మా.